ఒకే పాత్ర, పద్నాలుగు ముఖాలు: ‘డాక్టర్ హూ’ అభిమానులు నిజంగా తూచేది ఎవరిని?

2025 మే 31న బ్రిటన్‌లో ‘డాక్టర్ హూ’ సీజన్ ముగిసింది. రెండు సీజన్ల పాటు డాక్టర్ పాత్రలో కనిపించిన షూటీ గాట్వా ఎప్పటిలాగే బంగారు రంగు వెలుగులో కరిగిపోయారు. ఆ వెలుగు తగ్గాక తెరపై కనిపించింది బిల్లీ పైపర్. 2005లో ఇదే సీరియల్‌లో రోజ్ టైలర్‌గా, డాక్టర్ వెంట తిరిగే సహచరిగా నటించిన ఆమె ఇప్పుడు డాక్టర్ ఉండాల్సిన చోట నిలబడి నవ్వారు. టైటిల్స్‌లో ఆమె పేరు వేశారు. కానీ ఆమె పోషించేది డాక్టర్ పాత్రేనని మాత్రం రాయలేదు.

అభిమానులు వెంటనే పాత జాబితాలు బయటకు తీశారు. గాట్వా ఎన్నో స్థానంలో నిలుస్తారు? టామ్ బేకర్ గొప్పా, డేవిడ్ టెనెంట్ గొప్పా? జోడీ విటేకర్‌కు అన్యాయం జరిగిందా, లేక ఆమె ఎంపికే పొరపాటా? 1963లో మొదలైన ఈ సీరియల్‌లో ఈ చర్చ కొత్తది కాదు. ముఖ్య పాత్రధారి మారిన ప్రతిసారీ ఇది తిరిగి వస్తుంది. కాకపోతే ఈసారి ఆ చర్చ జరిగింది సీరియల్ భవిష్యత్తే తేలని సమయంలో. తర్వాతి అవకాశం ఎవరికి దక్కుతుందో నిర్ణయించడంలో ఈ పోలికలకూ భాగం ఉంటుంది. అందుకే వాటిని అభిమానుల కాలక్షేపంగా కొట్టిపారేయలేం.

మారడమే నియమంగా మారిన పాత్ర

‘డాక్టర్ హూ’ తొలి ఎపిసోడ్ 1963 నవంబర్ 23న, అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురైన మరుసటి రోజున ప్రసారమైంది. బీబీసీ డ్రామా విభాగానికి అధిపతిగా వచ్చిన కెనడా వాసి సిడ్నీ న్యూమన్ దీనికి పునాది వేశారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్. 1938లో లఖ్‌నవూలో పుట్టిన ఆయన, ఆంగ్లంలో నవలలు, కథలు రాసిన అత్తియా హుసేన్ కుమారుడు. పురుషుల పెత్తనం సాగుతున్న ఆనాటి బీబీసీలో ఒక యువతి, ఒక భారతీయ యువకుడు కలిసి నిలబెట్టిన కార్యక్రమం ఇది. ఆ సంగతి గుర్తుంటే, ఈ సీరియల్‌లోకి ‘వైవిధ్యం’ ఈమధ్యే బలవంతంగా వచ్చిందన్న వాదనను అంత తేలిగ్గా నమ్మలేం.

మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్. అప్పటికి ఆయన వయసు 55. మూడేళ్లు గడిచేసరికి ఆరోగ్యం దెబ్బతింది. సంభాషణలు గుర్తుండటం కష్టమైంది. ప్రేక్షకులున్న సీరియల్‌ను ఆపడం బీబీసీకి ఇష్టం లేదు. కథానాయకుడు ఎలాగూ మానవుడు కాదు, వేరే గ్రహం వాడు. శరీరం అరిగిపోతే కొత్త శరీరంతో లేస్తాడని అంటే సరిపోతుంది కదా అన్న ఆలోచన అలా పుట్టింది. 1966లో హార్ట్‌నెల్ నేలకొరిగారు, ఆయన స్థానంలో పాట్రిక్ ట్రౌటన్ లేచారు. ఈ మార్పును ‘రీజనరేషన్’ అని పిలవడం 1974లో మొదలైంది.

ఒక నటుడి అనారోగ్యం నుంచి గట్టెక్కడానికి వేసిన ఎత్తు అలా సీరియల్‌కు ఆయుష్షుగా మారింది. నటుల పోలిక కూడా అక్కడి నుంచే మొదలైంది. అధికారిక లెక్కలో గాట్వా పదిహేనో డాక్టర్. టెనెంట్ పదో డాక్టర్‌గా, మళ్లీ పద్నాలుగో డాక్టర్‌గా రెండుసార్లు లెక్కకు వస్తారు కాబట్టి ముఖాలు మాత్రం పద్నాలుగే. 2013లో జాన్ హర్ట్, 2020లో జో మార్టిన్ పోషించిన డాక్టర్లు ఈ వరుసకు బయట ఉంటారు.

పద్యనాటకాలు చూసిన తెలుగు ప్రేక్షకులకు ఈ ఏర్పాటు వింతగా తోచదు. రాయబారం నాటకంలో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు దిగిపోయి రెండో కృష్ణుడు రంగం మీదికి వస్తాడు. ఎవరి రాగం బాగుంది, ఎవరికి వన్స్‌మోర్ పడింది అని తెల్లవారే దాకా వాదించుకుంటారు. ఒక తేడా ఉంది. అక్కడ పద్యాలు అందరికీ తెలిసినవే, నాటకం ఒకటే. ఎవరు బాగా పాడారన్నది నేరుగా తేల్చవచ్చు. ‘డాక్టర్ హూ’లో ఒక్కొక్కరికీ వేరే రచయిత, వేరే బడ్జెట్, వేరే ప్రసార సమయం, వేరే తరం ప్రేక్షకులు. పేరు ఒకటే అయినా పరీక్ష పత్రం ఎప్పుడూ ఒకటి కాదు.

అంకెలు ఏం చెబుతాయి, ఏం దాస్తాయి?

పోలికల్లో ముందుగా వచ్చేవి ప్రేక్షకుల సంఖ్యలు. వాటిని చూస్తే టామ్ బేకర్ శిఖరం మీద ఉంటారు. 1979లో వచ్చిన ‘సిటీ ఆఫ్ డెత్’ చివరి భాగాన్ని 1.61 కోట్ల మంది చూశారు. అయితే అప్పుడు ప్రధాన పోటీ చానల్ ఐటీవీలో సమ్మె నడుస్తోంది. ఇళ్లలో తిప్పడానికి బీబీసీకి పోటీ చానలే లేదు. బేకర్ గొప్ప నటుడే. కానీ ఆ రికార్డు వెనుక సమ్మె కూడా ఉంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం సిల్వెస్టర్ మెకాయ్ అనుభవం. 1987 నుంచి 1989 వరకు ఆయన ఎపిసోడ్లను బీబీసీ ‘కోరొనేషన్ స్ట్రీట్’కు ఎదురుగా వేసింది. అది బ్రిటన్‌లో కొన్ని దశాబ్దాలుగా ఇంటింటా చూసే సీరియల్. ‘డాక్టర్ హూ’కు ప్రేక్షకులు తగ్గారు, 1989 డిసెంబరులో సీరియల్ ఆగిపోయింది. చాలాకాలం ఆ నింద మెకాయ్ మీదే ఉండిపోయింది. ఆ ప్రసార సమయాన్ని ఎంచుకుంది ఆయన కాదు.

2005లో సీరియల్ తిరిగి వచ్చినప్పుడు తొలి ఎపిసోడ్‌ను 1.08 కోట్ల మంది చూశారు. 2007 క్రిస్మస్ రోజున టెనెంట్ ఎపిసోడ్‌కు 1.33 కోట్ల మంది వచ్చారు. పండుగ రోజు కుటుంబమంతా ఒకే టీవీ ముందు కూర్చునే అలవాటు అప్పటికి ఇంకా మిగిలి ఉంది. గాట్వా కాలానికి వచ్చేసరికి కార్యక్రమం స్ట్రీమింగ్‌లో ముందే విడుదలవుతోంది. 2024 సీజన్‌లో కొత్త ఎపిసోడ్ బ్రిటన్‌లో అర్ధరాత్రే అందుబాటులోకి వచ్చింది, టీవీ ప్రసారం ఆ తర్వాతే. శనివారం సాయంత్రం దేశమంతా ఒకేసారి చూసే అలవాటు లేని రోజుల్లో వచ్చిన అంకెను 1979 అంకె పక్కన పెట్టి ఒకరు గెలిచారు, మరొకరు ఓడారు అనడం తూకం కాదు.

అవకాశాల లెక్క కూడా అంతే. టామ్ బేకర్ 1974 నుంచి 1981 వరకు ఏడేళ్లలో 170కి పైగా ఎపిసోడ్లు చేశారు. క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్‌కు 13. గాట్వాకు రెండు సీజన్లు, ఒక్కోటి ఎనిమిది ఎపిసోడ్లు, వాటికి తోడు క్రిస్మస్ ప్రత్యేకాలు. పాల్ మెక్‌గాన్‌కు 1996లో ఒక టెలిఫిల్మ్, పదిహేడేళ్ల తర్వాత ఏడు నిమిషాల లఘుచిత్రం. ఒక పాత్రలో నటుడు కుదురుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. అంత వ్యవధి కూడా దొరకని వారు ఈ జాబితాలో ఉన్నారు.

చెరిపేసిన టేపులు, మారిన తీర్పులు

పోలికలకు మరో అడ్డంకి ఉంది. ఈ సీరియల్ తొలి సంవత్సరాల్లో కొంత భాగం అసలు మిగలలేదు. 1960లలో వీడియో టేపు ఖరీదైనది. పునఃప్రసారాలకు కూడా పరిమితులు ఉండేవి. బీబీసీ పాత టేపులను చెరిపి మళ్లీ వాడుకుంది. ఫలితంగా హార్ట్‌నెల్, ట్రౌటన్‌ల కాలం నాటి ఎపిసోడ్లలో తొంభైకి పైగా పోయాయి. హుస్సేన్ చాలా భాగాలకు దర్శకత్వం వహించిన ‘మార్కో పోలో’ కథ 1964లో ఏడు వారాలు నడిచింది. నేడు దాని శబ్దం, కొన్ని ఫొటోలు తప్ప దృశ్యం లేదు.

దీని దెబ్బ ఎక్కువగా తగిలింది ట్రౌటన్‌కు. ఆయన బలం మాటల్లో కంటే ముఖంలో, నడకలో, చేతుల కదలికలో ఉండేది. శబ్దం మాత్రమే మిగిలితే ఆ నటనలో సగం పోయినట్టే. 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయని ప్రకటన వచ్చింది. అందులో ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ కథ పూర్తయింది. ఇది ట్రౌటన్ ద్విపాత్రాభినయం చేసిన కథ. ఒక వైపు డాక్టర్, మరో వైపు సలమాండర్ అనే నియంత. అప్పటిదాకా పెద్దగా లెక్కలోకి రాని ఆ కథ, కళ్లారా చూశాక ఆ కాలపు మంచి కథల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. నటుడు 1987లోనే చనిపోయారు. నటన ఎప్పటిదో అదే. మారింది మాత్రం చూసేవారి ముందున్న సాక్ష్యం.

హార్ట్‌నెల్ సంభాషణల్లో తడబాట్లను ఎగతాళి చేసేవారూ ఉన్నారు. అప్పట్లో ఎపిసోడ్‌ను దాదాపు నాటకంలాగే ఏకబిగిన రికార్డు చేసేవారు. టేపు కోసి అతకడం ఖర్చుతో కూడిన పని కాబట్టి చిన్న తప్పులకు మళ్లీ తీసేవారు కాదు. నేటి నటుడు పదో టేక్‌లో చెప్పిన మాటతో ఆయన మొదటి టేక్‌ను పోల్చడం సరికాదు.

కాలిన్ బేకర్ మెడకు చుట్టుకున్న నింద

నటుడి ఖాతాలో ఇతరుల తప్పులు ఎలా పడతాయో చెప్పడానికి ఆరో డాక్టర్ కాలిన్ బేకర్‌ను మించిన ఉదాహరణ లేదు. 2009లో ‘డాక్టర్ హూ మ్యాగజైన్’ అప్పటి వరకు వచ్చిన 200 కథలకు పాఠకులతో ఓటింగ్ పెట్టింది. మొదటి స్థానం పీటర్ డేవిసన్ చివరి కథ ‘ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ’కి వచ్చింది. చివరి స్థానం కాలిన్ బేకర్ మొదటి కథ ‘ది ట్విన్ డైలమా’కు పడింది. ఆ రెండూ 1984 మార్చిలో వెంటవెంటనే ప్రసారమైనవి. అగ్రస్థానానికి, అట్టడుగుకు మధ్య ఉన్న దూరం ఒక్క వారం.

నిర్మాత ఒకరే, సంస్థ ఒకటే. మారినవి రచయిత, దర్శకుడు, నటుడు. కొత్త డాక్టర్ మొదట్లో కటువుగా ఉండాలని, మెల్లగా మెత్తబడాలని అనుకున్నారు. మొదటి కథలోనే డాక్టర్ తన సహచరి గొంతు నులుముతాడు. ఎంత వికారంగా ఉంటే అంత మంచిదని రంగురంగుల అతుకుల కోటు తొడిగారు. మెత్తబడే దశ వచ్చేలోపే బీబీసీ వన్ అధిపతి మైకేల్ గ్రేడ్ హయాంలో సీరియల్‌కు పద్దెనిమిది నెలల విరామం ఇచ్చారు. 1986లో నటుడిని తొలగించారు. నిర్మాత మాత్రం కొనసాగారు.

1999లో ‘డాక్టర్ హూ’ శ్రవ్య నాటకాలు మొదలయ్యాక కాలిన్ బేకర్‌కు మంచి రచనలు దొరికాయి. కోటు కనిపించదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. అదే నటుడిని అదే పాత్రలో అభిమానులు కొత్తగా గౌరవించడం మొదలుపెట్టారు. పదమూడేళ్లు ఆయన మోసిన నిందలో ఆయన వాటా ఎంతో అప్పుడు తెలిసింది.

‘మొదటి’ అన్న మాట మోసే బరువు

2017 జులై 16న వింబుల్డన్ పురుషుల ఫైనల్ ముగిశాక జోడీ విటేకర్ పేరును బీబీసీ ప్రకటించింది. యాభై ఏళ్లు దాటిన చరిత్రలో ఈ పాత్రకు ఎంపికైన తొలి మహిళ. కొద్ది రోజులకే పాత డాక్టర్లు ఇద్దరు భిన్నంగా స్పందించారు. మగపిల్లలకు ఒక ఆదర్శం దూరమైందని పీటర్ డేవిసన్ బాధపడ్డారు. ఆ వాదన అర్థం లేనిదని కాలిన్ బేకర్ కొట్టిపారేశారు.

2018 అక్టోబరులో ఆమె తొలి ఎపిసోడ్‌ను సుమారు 1.1 కోట్ల మంది చూశారు. ఆ తర్వాత సంఖ్య తగ్గుతూ వచ్చింది. ఇక్కడ నిజాయతీగా ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి. షోరన్నర్ క్రిస్ చిబ్నల్ ముగ్గురు సహచరులను ఒకేసారి పెట్టారు. ఎవరికీ సరిపడా చోటు దొరకలేదు. కథను నడిపించాల్సిన చోట సంభాషణలు వివరించుకుంటూ పోయాయి. 2020లో డాక్టర్ పుట్టుక కథనే మార్చడం చాలామంది పాత అభిమానులకు రుచించలేదు. ఈ విమర్శలు చేసిన వారందరినీ స్త్రీ ద్వేషుల గాటన కట్టలేం.

కానీ ఒక తేడా గమనించాలి. కాలిన్ బేకర్ కథలు బాగోలేనప్పుడు, పురుషుడు డాక్టర్ కావడమే తప్పని ఎవరూ అనలేదు. విటేకర్ కథలు బాగోలేనప్పుడు మహిళను తీసుకోవడమే తప్పని అన్నవారు చాలామంది. ఒకరి వైఫల్యం వ్యక్తి దగ్గరే ఆగింది, మరొకరిది వర్గం మొత్తానికి పాకింది. 2020లో ‘రేడియో టైమ్స్’ నిర్వహించిన అభిమాన డాక్టర్ ఓటింగ్‌లో టెనెంట్ మొదట నిలిచారు. స్వల్ప తేడాతో రెండో స్థానం విటేకర్‌ది. గట్టిగా వినిపించిన గొంతులే అందరి అభిప్రాయం కాదని ఆ ఫలితం చూపింది.

చిబ్నల్ విషయంలో కాలం చేసిన చమత్కారమూ ఉంది. 1986లో కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన బీబీసీ కార్యక్రమంలోనే కూర్చుని, సీరియల్ రచయితల ముందే ఆనాటి కథలను విమర్శించారు. మూడు దశాబ్దాల తర్వాత అదే కుర్చీలో కూర్చుని అలాంటి మాటలే పడ్డారు. ఈ సీరియల్‌లో అభిమానికి, సృష్టికర్తకు మధ్య గోడ పలుచన. 1974లో పదిహేనేళ్ల పీటర్ కపాల్డి ‘డాక్టర్ హూ’ గురించి రాసిన ఉత్తరం ‘రేడియో టైమ్స్’లో అచ్చయింది. 2013లో 55 ఏళ్ల వయసులో ఆయనే డాక్టర్ అయ్యారు. టెనెంట్ నటుడు కావాలనుకున్నదే చిన్నప్పుడు ఈ సీరియల్ చూసి.

విటేకర్ కాలాన్ని మొత్తంగా తీసిపారేస్తే పోయేవాటిలో ఉపఖండానికి సంబంధించినదీ ఒకటి ఉంది. 2018 నవంబర్ 11న వచ్చిన ‘డీమన్స్ ఆఫ్ ది పంజాబ్’ ఎపిసోడ్ 1947 ఆగస్టులో, సరిహద్దు గీత గీస్తున్న రోజుల్లో జరుగుతుంది. రచయిత వినయ్ పటేల్. మన్‌దీప్ గిల్ పోషించిన యాజ్ తన అమ్మమ్మ యౌవనాన్ని చూడటానికి వెళ్తుంది. ముస్లిం యువతి ఉంబ్రీన్, హిందూ యువకుడు ప్రేమ్ పెళ్లి చేసుకుంటారు. ప్రేమ్‌ను బలి తీసుకునేది గ్రహాంతర రాక్షసులు కాదు, అతని సొంత తమ్ముడు చేరిన మూక. అన్నీ చేయగల డాక్టర్ అక్కడ ఏమీ చేయలేక వెనుదిరుగుతుంది. విభజన గురించి బ్రిటన్ పిల్లలకు బళ్లో పెద్దగా చెప్పని చోట, వినోద కార్యక్రమం ఆ పని చేసింది.

గాట్వాకు దక్కిందేమిటి?

షూటీ గాట్వా రువాండాలో పుట్టారు. 1994 నరమేధం నుంచి తప్పించుకున్న కుటుంబం స్కాట్లాండ్‌లో స్థిరపడింది. ఈ పాత్రను పూర్తికాలం పోషించిన తొలి నల్లజాతి నటుడు ఆయన. నటన మీద పెద్దగా ఫిర్యాదులు లేవు. చిత్రం ఏమిటంటే, ఆయన రాకకూ పోకకూ పాత జ్ఞాపకాలే కాపలా కాశాయి.

2023లో అరవయ్యో వార్షికోత్సవానికి టెనెంట్‌ను తిరిగి తెచ్చారు. అంతకుముందు ప్రతి డాక్టరూ పాతవాడు వెళ్లిపోయాకే కథను అందుకున్నాడు. గాట్వా దగ్గర మాత్రం డాక్టర్ ఇద్దరుగా చీలాడు. టెనెంట్ డాక్టర్ భూమి మీదే హాయిగా ఉండిపోయాడు. అంటే కొత్త డాక్టర్ పాతవారి పోలికతో మాత్రమే కాదు, కథలో ఇంకా బతికే ఉన్న పాత డాక్టర్‌తో పోటీ పడాల్సి వచ్చింది. వెళ్లిపోయేటప్పుడు కూడా ఆయన స్థానంలో వచ్చిన ముఖం 2005 నాటిదే. 2025 సీజన్‌లో కేరళలో పుట్టిన వరదా సేతు సహచరిగా నటించారు. ఆమె పోషించిన బెలిండా చంద్రా గురించిన చర్చ కూడా ఆ చివరి నిమిషపు సంచలనంలో కొట్టుకుపోయింది.

2025 అక్టోబరులో డిస్నీతో భాగస్వామ్యం ముగిసిందని బీబీసీ ప్రకటించింది. 2026 క్రిస్మస్‌కు రసెల్ టి డేవిస్ రాసే ప్రత్యేక ఎపిసోడ్ ఉంటుందని చెప్పింది. ఇప్పుడు జరిగే పోలికలకు ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. డబ్బు తగ్గినప్పుడు, భయం పెరిగినప్పుడు సంస్థలు సురక్షితమైన దారి వెతుకుతాయి. మహిళను పెట్టి చూశాం, నల్లజాతి నటుడిని పెట్టి చూశాం, పని చేయలేదు అని తేల్చడం అన్నిటికంటే తేలిక. స్ట్రీమింగ్ ఒప్పందం, ఎనిమిది ఎపిసోడ్ల సీజన్, చెదిరిన ప్రేక్షకులు, రచనలోని లోపాలు అన్న నాలుగు కారణాలను విడదీసి చూడటం కష్టం. ముఖాన్ని చూపించడం సులభం.

పోల్చవద్దని అభిమానులకు చెప్పడం వృథా. పోల్చుకోవడంలోనే ఈ సీరియల్ ఆనందం సగం ఉంది. బ్రిటన్‌లో ‘నా డాక్టర్’ అనే మాట వాడతారు. పదేళ్ల వయసులో ఎవరిని చూశారో, సాధారణంగా వారే ఆ డాక్టర్. ఆ ఇష్టానికి సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఇష్టం తీర్పుగా మారి, ఒకరి అవకాశాన్ని నిర్ణయించే దశకు వచ్చినప్పుడు సాక్ష్యం అడగాలి. ట్రౌటన్‌కు న్యాయం జరగడానికి నైజీరియాలో టేపులు దొరకాల్సి వచ్చింది. కాలిన్ బేకర్‌కు పదమూడేళ్లు, ఒక మైకు కావాల్సి వచ్చాయి. విటేకర్, గాట్వాల టేపులు ఎక్కడికీ పోలేదు, అందరి ముందూ ఉన్నాయి. వాటిని చూసి చెప్పే తీర్పు వారి నటన మీదే ఉండాలి.